వెనుకబడిన ప్రాంతం, బతికి చెడిన మనిషి: ప్రాంతీయాభివృద్ధి నివేదికలు – తెలుగు కథా విమర్శ

ప్రాంతీయ సాహిత్యంపై మన విశ్వవిద్యాలయాలలో వెలువడే సిద్ధాంత గ్రంథాలలో రెండో అధ్యాయానికి ఒక స్థిరరూపం ఏర్పడింది. మొదటి అధ్యాయం పరిశోధన పరిధినీ పద్ధతినీ చెబుతుంది. రెండోది ఆ ప్రాంతపు 'భౌగోళిక, సామాజిక, ఆర్థిక స్థితిగతులు'. అనంతపురం కథలపై పరిశోధన అయితే సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం, జైసల్మేర్ తరువాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అన్న వాక్యం, సాగునీటి విస్తీర్ణం, అక్షరాస్యత శాతం తప్పక వస్తాయి. పాలమూరు అయితే వలసలు, ఉత్తరాంధ్ర అయితే తలసరి ఆదాయం. మూడో అధ్యాయం నుంచి కథలు మొదలవుతాయి: కరువు కథలు, ముఠాకక్షల కథలు, వలస కథలు. రెండో అధ్యాయం ఆ తరువాత మళ్లీ ప్రస్తావనకు రాదు. అయితే అది కథలన్నిటినీ అప్పటికే చదివేసి ఉంటుంది. ఏ కథ ఏ శీర్షిక కిందకు రావాలో నిర్ణయించింది అదే.

ఈ అమరికలో ఒక చక్రదోషం ఉంది. గణాంకం నిజమనడానికి కథ సాక్ష్యం. కథ వాస్తవికమనడానికి గణాంకం సాక్ష్యం. రెండూ ఒకదాన్నొకటి బలపరచుకుంటాయి తప్ప ఒకదాన్నొకటి ప్రశ్నించవు. ప్రాంతీయాభివృద్ధిపై జరిగిన సామాజిక, ఆర్థిక పరిశోధన మనకు అనుబంధ పట్టికగా మిగిలింది. ఆ పరిశోధన ఏ అవసరం కోసం జరిగింది, దేన్ని కొలిచింది, కొలవడానికి ఏ ప్రమాణాన్ని ఎంచుకుంది అన్న ప్రశ్నలు సాహిత్య విమర్శకుడివి కావని మనం అనుకుంటున్నాం. అవి ముమ్మాటికీ మనవేనని, ఆ ప్రశ్నలు అడగకపోవడం వల్ల కొన్ని ముఖ్యమైన రచనలను తలకిందులుగా చదువుతున్నామని ఈ వ్యాసం ప్రతిపాదన.

ముందుగా నివేదికల స్వభావం. తెలుగు నేలపై ప్రాంతాల గురించిన లెక్కలు చాలావరకు ఒప్పందాల నీడలో పుట్టాయి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన జిల్లాలకు 'దత్త మండలాలు' అన్న పేరే ఒక ఒప్పందపు గుర్తు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' అన్న పేరు ఆ అవమానాన్ని తుడిచింది. కానీ తొమ్మిదేళ్లకే ఆ కొత్త పేరు సైతం మరో ఒడంబడికలో ఒక పక్షంగా నిలవవలసి వచ్చింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ లో కుదిరిన ఒడంబడిక కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల వినియోగంలో రాయలసీమకూ నెల్లూరుకూ పదేళ్లపాటు, లేదా అవసరమైనంత కాలం, మొదటి ప్రాధాన్యం ఇవ్వాలన్నది. కోస్తా జిల్లాల స్థాయిని ఇవి అందుకోవడం లక్ష్యం. 'పదేళ్లు' అన్న ఆ గడువును గమనించాలి. ఒక ప్రాంతం మరో ప్రాంతం కన్నా కాలంలో వెనుక ఉందని, కొంత తోడ్పాటు అందితే పదేళ్లలో కలుసుకుంటుందని ఆ పదం వెనుక ఉన్న ఊహ. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమ సమయంలో తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చడానికి ఏర్పడ్డ కమిటీలు, 1973 ఆరు సూత్రాల పథకం, చివరకు 2014 విభజన వేళ రాయలసీమ, ఉత్తరాంధ్రలలోని 7 జిల్లాలకు చెప్పిన ప్రత్యేక ప్యాకేజీ అన్నీ ఈ వరుసలోనివే.

బేరం కుదరాలంటే ప్రాంతం ఒకే గొంతుతో మాట్లాడాలి. అందువల్ల సగటు అవసరమవుతుంది. దీనిలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అన్యాయం జరిగిందని చెప్పదలచిన ప్రజలకు సగటు ఒక ఆయుధం. మహారాష్ట్రలో 1984లో నివేదిక ఇచ్చిన వి.ఎం. దాండేకర్ కమిటీ ఈ పద్ధతిని చాలా స్పష్టంగా పాటించింది. ఒక రంగంలో రాష్ట్ర సగటు ఎంతో చూసి, ఆ సగటును అందుకోవడానికి జిల్లాకు ఇంకా ఎంత కావాలో అంత లోటు ఉన్నట్టు లెక్కగట్టింది. విదర్భ, మరాఠ్వాడాల వాదనలకు ఆ లోటు లెక్క దశాబ్దాలపాటు ఆధారమైంది. కర్ణాటకలో 2002 నాటి నంజుండప్ప కమిటీ జిల్లాను వదిలి తాలూకాను ప్రమాణంగా తీసుకుంది. 175 తాలూకాలలో 114 వెనుకబడినవని, వాటిలో 39 అత్యంత వెనుకబడినవని తేల్చింది. ప్రమాణం చిన్నదయ్యేసరికి పటం మారింది. ఉత్తర కర్ణాటక మొత్తం వెనుకబడిందన్న వాదన నిలుస్తూనే, దక్షిణాదిలోనూ వెనుకబడిన తాలూకాలు బయటపడ్డాయి.

మన దగ్గరి ఉదాహరణ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా అది కర్నూలు జిల్లాలో భాగం. నేలా, వానా, పంటా, నీటి కటకటా అన్నీ సీమవే. జిల్లా ఎల్ల మారడంతో అది కోస్తా లెక్కలో చేరింది. 2014 నాటి 7 జిల్లాల జాబితాలో దానికి చోటు లేదు. అక్కడి రచయిత ఇవాళ కరువు కథ రాస్తే మన సిద్ధాంత గ్రంథాలలో ఏ అధ్యాయంలో చేర్చాలి? ఈ ప్రశ్న హాస్యానికి అడగడం లేదు. సంకలనాలు వేసేటప్పుడు, పరిశోధనాంశానికి పరిధి గీసేటప్పుడు పరిపాలనా సరిహద్దునే సాహిత్య సరిహద్దుగా స్వీకరిస్తున్నాం కనుక అడగవలసి వస్తోంది.

సగటు లోపలికి వెళ్లినప్పుడు నివేదికలు సైతం వేరే గొంతుతో మాట్లాడతాయి. 2010 డిసెంబరు 30న సమర్పించిన శ్రీకృష్ణ కమిటీ నివేదికను రాజకీయంగా ఎవరికి తోచినట్టు వారు చదివారు. ఆరు ప్రత్యామ్నాయాల గురించిన చర్చలో మరుగున పడిన ఒక పరిశీలన అందులో ఉంది. తెలంగాణలో వ్యవసాయ కూలీల నిజ ఆదాయం తగ్గిందని, అదే కాలంలో కోస్తాంధ్రలో పెరిగిందని, తెలంగాణలోని దళితులు, ఆదివాసులు, మైనారిటీల ఆదాయాలు సైతం క్షీణించాయని ఆ నివేదిక గుర్తించింది. ప్రాంతాల మధ్య తేడా అంతగా లేదని సగటులు చెబుతున్న చోటనే, ప్రాంతం లోపల కొందరు కుంగిపోయారని వర్గాల వారీ లెక్క చెప్పింది. సాహిత్య విద్యార్థికి ఆసక్తి కలిగించే మరో సంగతి ఆ నివేదిక నిర్మాణంలోనే ఉంది. ఆర్థిక, సమతా విశ్లేషణ అందులో రెండో అధ్యాయం. సామాజిక, సాంస్కృతిక అంశాలు ఏడో అధ్యాయం. సంస్కృతిని ఆర్థికానికి ఐదు అధ్యాయాల దూరంలో ఉంచారు. మనం వారి రెండో అధ్యాయాన్ని తెచ్చి మన రెండో అధ్యాయంగా పెట్టుకుని, ఆ దూరాన్ని యథాతథంగా దిగుమతి చేసుకున్నాం.

ఇక్కడ భాష గురించి ఒక మాట. 'వెనుకబడు' అన్న క్రియలో అందరూ ఒకే దారిలో నడుస్తున్నారన్న అర్థం ఇమిడి ఉంది. కొందరు ముందు, కొందరు వెనుక. దారి గురించి ఎవరికీ సందేహం లేదు. పల్లె వ్యవహారంలో పేదరికానికి వాడే పలుకుబడి ఇది కాదు. 'బతికి చెడినోళ్లు' అంటారు. ఆ మాటలో ముందొక స్థితి ఉంది, తరువాత ఒక పతనం ఉంది, మధ్యలో ఏం జరిగిందన్న ప్రశ్న ఉంది. అంటే ఒక కథ ఉంది. 'వెనుకబాటు'లో లేమి ఉంది, కథ లేదు. కథాసాహిత్యాన్ని 'వెనుకబాటుతనపు చిత్రణ'గా వర్గీకరించినప్పుడల్లా ఆ మధ్యలో జరిగినది జారిపోతోందని నా అనుమానం.

ఈ అనుమానానికి గట్టి ఆధారం కాళీపట్నం రామారావు 'యజ్ఞం'. 1960లలో వెలువడిన ఈ కథను ఉత్తరాంధ్ర వెనుకబాటుతనానికి అద్దం అనడం పరిపాటి. కథలోకి వెళ్లి చూస్తే సుందరపాలెం వెనుకబడిన ఊరు కాదు. బడి, రోడ్డు, కరెంటు వంటివి సమకూర్చుకున్న ఊరు. శ్రీరాములునాయుడు ప్రెసిడెంటుగా దాన్ని తీర్చిదిద్దినవాడు, గాంధేయ భావాలున్నవాడు, చుట్టుపక్కల పేరున్నవాడు. సామాజికాభివృద్ధి పథకం 1952లో, మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ 1959లో మొదలయ్యాయి. ఆ రెండు పథకాలూ కలగన్న ఆదర్శగ్రామం ఏదంటే సుందరపాలెం లాంటిదే. ఏ సూచిక పెట్టి కొలిచినా మంచి మార్కులు వస్తాయి. అలాంటి ఊళ్లో అప్పల్రాముడి అప్పు తీరలేదు.

ఈ అప్పు ఎంతవరకు న్యాయమైనది, గోపన్న మోసగాడా కాదా, చివర సీతారాముడు చేసిన పని నమ్మదగినదా అన్న వాటిపై మన విమర్శ చాలా శ్రమ పెట్టింది. ఆ వాదాలు నిరర్థకమని అనను. కానీ అవి కథ మధ్యలో సుదీర్ఘంగా సాగే ఊరి చరిత్రను నేపథ్యంగా పక్కన పెట్టాయి. కథానడకకు అది భారమని కొందరికి అనిపించవచ్చు. నా దృష్టిలో కథకు ఆయువుపట్టు అక్కడే ఉంది. ఊరు డబ్బు లెక్కలోకి, బజారు ధరల ఎగుడుదిగుళ్లలోకి వచ్చిన క్రమం అది. ఊరు బాగుపడిన క్రమం, అప్పల్రాముడు చెడిన క్రమం రెండూ ఒకటే. అభివృద్ధి అతని దాకా రాలేదన్నది ఈ కథ చెప్పే సంగతి కాదు. అది అతని గుండా నడిచి వెళ్లింది.

మరో విషయం కథారూపానికి సంబంధించినది. 'యజ్ఞం' ఒక విచారణ. సాక్ష్యాలు, లెక్కలు, పెద్దల మాటలు, తీర్పు. ఒక కమిటీ నివేదికకు ఉండే అంగాలన్నీ ఆ పంచాయితీకి ఉన్నాయి. విచారణ నడిపినవాడు దుర్మార్గుడు కాదు. తీర్పు తొందరపాటుది కాదు, ఏళ్ల తరబడి నలిగింది. అప్పు పుచ్చుకోలేదని అప్పల్రాముడూ అనలేడు. లెక్క సరిపోయింది. సరిపోయిన ఆ లెక్క ప్రకారం భూమి పోతుంది, పిల్లలు పాలేర్లవుతారు. సీతారాముడు తన బిడ్డను తానే చంపడం ఆ లెక్కలో చోటు లేని ఒక అంశాన్ని పంచాయితీ ముందు పెట్టడం. ఆ ముగింపు అతిగా ఉందన్న అభ్యంతరంతో నాకు పూర్తిగా విభేదం లేదు. బిడ్డ ప్రాణాన్ని వాదనగా వాడుకోవడం పాఠకుడిని తీర్పు చెప్పలేని స్థితికి నెడుతుంది. అయినా ఆ నెట్టుడు లేకపోతే పంచాయితీ తీర్పే పాఠకుడి తీర్పు కూడా అయ్యేది. అందరం శ్రీరాములునాయుడితో తలూపి ఇంటికి వెళ్లేవాళ్లం.

కాబట్టి 'యజ్ఞా'న్ని శ్రీకాకుళం జిల్లా గణాంకాల పక్కన పెట్టి చదవడం అంటే, కథ దేన్ని విమర్శించిందో దానినే కథకు వ్యాఖ్యానంగా పెట్టడం. ఇంతకన్నా విపరీతమైన స్థానభ్రంశం ఒక రచనకు మరొకటి ఉండదు.

అనంతపురానికి వస్తే చిక్కు మరో రకమైనది. 550 మిల్లీమీటర్ల వాన నిన్న మొన్న పుట్టిన అంకె కాదు. ఆ నేలలో అటూ ఇటుగా ఎప్పుడూ పడే వాన అదే. మారని అంకె మారిన బతుకును వివరించలేదు. ఆధునిక తెలుగు కవిత్వంలో అనంతపురం నేలకు దక్కిన తొలి ముఖ్యమైన కావ్యం కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన 'ముసలమ్మ మరణము'. అందులో ఆపద కరువు కాదు. బుక్కరాయసముద్రం చెరువు నిండి, కట్ట తెగబోతుంది. ఊరిని కాపాడటానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలి కావాలి. కరువు జిల్లా అని మన రెండో అధ్యాయం ప్రకటించే చోట, స్థానిక ఐతిహ్యం నుంచి వచ్చిన కావ్యం నీటి ఉధృతిని గురించి మాట్లాడుతోంది. ఇది వింతేమీ కాదు. ఏడాది వాన నాలుగు రోజుల్లో కురిసే చోట, ఆ నాలుగు రోజులను ఏడాదికి నిలవ చేసే చెరువే జీవనాధారం. దాని కట్ట ఎవరు చూడాలి, దాని కోసం ఎవరు చావాలి అన్నవే అసలు ప్రశ్నలు. కావ్యం ఆ చావును త్యాగంగా కీర్తించింది. బలికి ఇంటి కోడలే ఎందుకు ఎంపికైందన్న ప్రశ్న ఈనాటి పాఠకుడికి వదిలింది.

ఈ కావ్యకర్త అర్థశాస్త్రంపై తెలుగులో గ్రంథం రాసినవారు కూడా. 1914లో 'కవిత్వతత్త్వ విచారము'తో ఆధునిక విమర్శకు దారి వేసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులు. కావ్యం, విమర్శ, అర్థశాస్త్రం ఒకే మనిషి బల్లపై ఉన్న రోజులు మనకు ఉన్నాయి. ఆ మూడింటి మధ్య ఆయన వంతెన కట్టారని చెప్పలేం. ఆయన విమర్శ కావ్యగుణం మీదనే నిలిచింది. తరువాతి వాళ్లం ఆ మూడింటినీ మూడు శాఖలుగా విడదీసుకుని, మధ్యలో ఒక పట్టిక పెట్టుకున్నాం.

అనంతపురంలో మారినది వాన కాదు, వాన వాడకం. కొర్ర, సజ్జ, జొన్న, రాగి కలిసి పండే మెట్టచేలు క్రమంగా వేరుశనగకు మారాయి. ఒక దశలో ఆ జిల్లాలో వేరుశనగ సాగు 7, 8 లక్షల హెక్టార్ల దాకా పెరిగింది. తిండిపంట ఎండితే ఆ ఏటి తిండి పోతుంది. వేరుశనగ ఎండితే విత్తనానికి తెచ్చిన అప్పు మిగులుతుంది. చెరువులు పూడి, బోర్లు వందల అడుగుల లోతుకు దిగాయి. ఒకప్పుడు ఊరి ఉమ్మడి సమస్య అయిన నీరు ఎవరి చేలో వారు ఆడే జూదమైంది. సీమ కథలో పదేపదే వచ్చే విత్తనాల కొనుగోలు, బోరు బండి, బ్యాంకు నోటీసు, మండీ వ్యాపారి వంటివి కరువుకు దృష్టాంతాలు కావు. కరువు ఎలా తయారవుతుందో చెప్పే వివరాలు. కథకుడు కారణం చెబుతుంటే మనం లక్షణంగా నమోదు చేసుకుంటున్నాం.

బండి నారాయణస్వామి 'శప్తభూమి'కి (2019 కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం) ఈ పద్ధతి మరీ అన్యాయం చేస్తుంది. శీర్షిక చూసి అది శాపగ్రస్త నేల గురించిన నవల అనుకోవడం తేలిక. శీర్షికలోని ఆ శాపం నాకు కొంత ఇబ్బందిగానే ఉంటుంది, దానిలో ఏదో దైవికమైన వాసన ఉంది కనుక. కానీ నవల 18వ శతాబ్దంలో హండే పాలకుల కాలపు అనంతపురానికి వెళ్లి అధికారాన్ని, కులాన్ని, స్త్రీల దేహాలపై పెత్తనాన్ని చూపిస్తుంది. శాపం పెట్టింది ఆకాశం కాదని పుటపుటా చెబుతుంది. దత్త మండలాలు అన్న పేరు పుట్టకముందటి కాలాన్ని ఎంచుకోవడం వల్ల, కోస్తాతో పోల్చి వెనుకబడ్డదనే చట్రం కూడా అందులో పనిచేయదు.

ఇంతవరకు కథను నివేదిక నుంచి విడిపించడం గురించి మాట్లాడాను. ఈ వాదాన్ని ఒకవైపే లాగితే అది కథను ఆరాధించడం అవుతుంది. కథ సైతం సగటు తీస్తుంది. సీమ కథలో ఆ సగటు పేరు 'రైతు'. సొంత పొలం ఉండి, అప్పులపాలై, పరువు కోసం ఉరితాడు వైపు చూసే మధ్యవయసు పురుషుడు. అతడి బాధ నిజం. కానీ ఆ పొలం ఎవరు దున్నుతున్నారు? రైతు సంక్షేమంపై 2004లో ఏర్పడిన జయతీ ఘోష్ కమిషన్ కౌలురైతుల సంగతిని గట్టిగా చెప్పింది. పట్టా లేని కారణంగా వారికి బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు. సాగుదారులకు గుర్తింపు కార్డులు ఇచ్చే చట్టం 2011లో గాని రాలేదు. ఇక్కడ నివేదిక చూపు కథ చూపుకన్నా నిశితంగా ఉందని ఒప్పుకోవాలి. కరువు కథల్లో పొలం, యజమాని, ఎద్దులు ఎంత వివరంగా ఉంటాయో కౌలుదారు అంత మసకగా ఉంటాడు. వేరుశనగ చెట్లు పీకి కాయ కోసే కూలీ స్త్రీలు గుంపుగా కనిపిస్తారు, ఒక్కొక్కరుగా అరుదు. చిలుకూరి దేవపుత్ర 'పంచమం' వంటి రచనలు అదే జిల్లాను దళిత జీవితం వైపు నుంచి చూపినప్పుడు 'రైతు' అన్న సగటు విరిగింది. దానిని మనం దళిత సాహిత్యం అధ్యాయంలో వేశాం; కరువు కథల అధ్యాయం చెక్కుచెదరకుండా అలాగే ఉండిపోయింది.

పాలమూరులో ఈ చూపు మరింత అవసరం. కృష్ణానది తెలంగాణ నేలను తాకేది అక్కడే. ఊళ్లు ఖాళీ అయ్యేదీ అక్కడే. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయిన కూలీ ఎక్కడో ఆనకట్ట కడతాడు, కాలువ తవ్వుతాడు. ఆ కాలువ పారించిన ఎకరాలు ఆ జిల్లా సూచికలో చేరతాయి. అతని గైర్హాజరు మాత్రం పాలమూరు లోటుగా నమోదవుతుంది. ప్రాంతాన్ని నేలగా మాత్రమే చూసే లెక్కకు ఇది అందదు. వలస కథలను ఊరు వదిలిన దుఃఖానికే పరిమితం చేసి చదివే విమర్శకూ అందదు. ఆ కథలను పని జరిగే చోటు నుంచి, అంటే మేస్త్రీ పద్దు పుస్తకం, గుడిసె, బట్వాడా రోజు నుంచి చదవాలి. సీమ కథల విషయంలో కౌలుదారుతో మొదలుపెట్టవచ్చు. ఏయే కథలలో ఆ మనిషి ఒక పేరుతో, ఒక కుటుంబంతో కనిపిస్తాడో, ఏయే కథలలో యజమాని నోట 'కౌలుకిచ్చినాను' అన్న ఒక్క మాటగా మిగిలిపోతాడో సంకలనాల వారీగా చూడవలసి ఉంది.